ఎర్ర గడి

బ్రూక్‌ఫీల్డ్,
3 ఫిబ్రవరి 2025

అక్కకు నమస్కారాలు.

నీకు ఫోన్ చేసి లాభం లేదని మీ అమ్మాయి శ్వేత చెప్పింది. మగ్గాల మోతకు నీ రెండో చెవి కూడా పోయిందట కదా. మెసేజ్ పెడితే నువ్వు చూడవు. అందుకే చిన్నప్పుడు నాయన కూర్చోబెట్టి దిద్దించిన అక్షరాలతో కాగితం మీదికి దిగాను. కన్నడ బళ్ళో చదివిన చెయ్యి, తప్పులుంటే నవ్వుకో.

ఒక సాయం కావాలి. నేను చేసే పనేమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. కంపెనీలు తమ కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలను మా వెబ్‌సైట్‌కి మూడు నాలుగు వారాలు వాడుకోమని ఇస్తాయి. నేను వాటిని తిప్పి తిప్పి వాడి, ఎక్కడ బాగుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అని రాస్తాను. ఆఫీసులో గోడకు గళ్ళ అట్ట బిగించి తీస్తే అన్ని కెమెరాలూ బుద్ధిమంతులే. అసలు సంగతి బయట తెలుస్తుంది. మా ఎడిటర్ అనూష పోయినసారి నామీద విరుచుకుపడింది. "ఎప్పుడూ కబ్బన్ పార్క్ పూలు, ఇందిరానగర్ కుక్కలేనా? కెమెరాకి చెమటలు పట్టే చోటు చూడు రాఘూ" అంది.

వెంటనే మీ షెడ్డు గుర్తొచ్చింది. ఒక పక్క కిటికీ వెలుగు, ఇంకో పక్క మిణుకుమనే ట్యూబ్‌లైట్లు, నిమిషం ఆగని మగ్గాలు, మనిషి మొహానికి అడ్డంగా వేల పట్టుపోగులు. ఇప్పుడు నా దగ్గరున్న కెమెరాకి మనిషి కన్నును వెతికి పట్టుకునే విద్య ఉంది. కన్ను చుట్టూ ఒక పచ్చ గడి కడుతుంది. మనిషి కదిలినా వదలదు. పోగుల వెనకున్న కన్ను కూడా దానికి దొరుకుతుందా అన్నది నా పరీక్ష.

బావ నిలబడతాడా? ఫొటో అంటే ఆయనకెంత చిరాకో తెలుసు. నువ్వు చెబితే వింటాడు.

రాఘు


దొడ్డబళ్ళాపురం,
8 ఫిబ్రవరి

చిరంజీవి రాఘూకి అక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం చూసి పోస్ట్‌మ్యాన్ తబ్బిబ్బయ్యాడు. మా ఇంటికి బ్యాంకు కాగితాలు తప్ప ఇంకేవీ రావు మరి. నాలుగు తప్పులున్నాయి. అయినా నాయన బతికుంటే మురిసిపోయేవాడు. చేత్తో రాసేవాడికి అబద్ధం దగ్గర చెయ్యి ఆగుతుందని ఆయన నమ్మకం, గుర్తుందా? ఇకమీదట నాకు కాగితం మీదే రాయి.

మీ బావకు విషయం చెప్పాను. షెడ్డులో నోటితో కాదు, ఆ మోతలో నోటికి పనేముంది? మన షెడ్డు చేతిభాష నువ్వు మర్చిపోయి ఉండవులే. చెయ్యి పైకెత్తితే మగ్గం ఆపమని, చిటికెన వేలు చూపితే పోగు తెగిందని, అరచెయ్యి రొమ్ము మీద పెట్టుకుంటే 'నేను చూసుకుంటాలే' అని. నేను కంటి ముందు కెమెరా పట్టుకున్నట్టు చేసి చూపేసరికి ఆయన రెండు చేతులూ అడ్డంగా ఊపి మగ్గం చాటుకు పోయాడు.

అన్నం దగ్గర మళ్ళీ అడిగాను. పెళ్ళినాటినుంచీ ఉన్న గొడవే, ఆ మెల్లకన్ను. మా శ్వేత ఫోన్లో వాళ్ళ నాయనవి ఎనభై ఫొటోలున్నాయి. అన్నిట్లోనూ మొహానికి చెయ్యడ్డం పెట్టుకునో, తల తిప్పుకునో ఉంటాడు. ఆధార్ కార్డుకు తప్ప ఆ మనిషి ఎవరికీ దొరకలేదు. ఆయన పెదాలు చూస్తే చాలు, మాట నాకు తెలిసిపోతుంది. చివరికేమన్నాడో తెలుసా?

"వాడు పని కోసం అడగతా ఉండాడు, కాదంటే బాగుండదు. అయితే ఒకటి చెప్పు వానికి. నువ్వూ నేనూ మగ్గం కాడ నిలబడిండేది ఒక్క ఫొటో ఇయ్యల్ల. ఫోన్లో కాదు, కాగితం మీద. గోడకు తగిలించేది."

ముప్ఫై ఏళ్ళకు పుట్టింది ముచ్చట. నేను నవ్వాను గానీ, గిన్నెలు తోముకుంటూ కాసేపు అదే తలుచుకున్నాను. వచ్చే శనివారం రా. రాగిముద్ద, ఉప్పుసారు చేస్తాను.

నీ అక్క
వెంకటలక్ష్మి


బ్రూక్‌ఫీల్డ్,
24 ఫిబ్రవరి

అక్కకు నమస్కారాలు.

ఇంత మంచి రోజు నా ఉద్యోగంలో ఇంకోటి లేదు. నాలుగు వేల నూటపన్నెండు ఫొటోలు తీశానంటే నమ్ముతావా? ఈ కెమెరా సెకనుకు ముప్ఫై తీస్తుంది, అదీ చప్పుడు లేకుండా. అందుకే బావ ప్రతిసారీ చేత్తో 'తీశావా?' అని అడగడం, నేను బొటనవేలు చూపడం.

మొదటి పది నిమిషాలు పోలీసుల ముందు నిలబడ్డట్టు బిగుసుకుపోయాడు. కెమెరా తిప్పి తెర చూపించాను. పచ్చ గడి సరిగ్గా ఆయన మెల్లకన్ను మీదే ఉంది. ఎంత సంబరపడ్డాడో! నన్ను బయటికి లాక్కొచ్చి మరీ అన్నాడు, "ఏమప్పా, నా మెల్లకన్నుగూడా దీనికి కన్నేనా! నేనే వృథాగా దాపెట్టుకుంటిని గదప్పా ఇన్నాళ్ళు!" అని. ఆ తర్వాత ఇక మనిషి హీరోనే.

తెగిన పోగును అతికించడానికి వంగినప్పుడు మాత్రం కెమెరా ఒకటి రెండు సార్లు తడబడి మొహాన్ని వదిలేసింది. అది కావాలనే మళ్ళీ మళ్ళీ చేయించాను. పాపం ఒకే చోట తొమ్మిదిసార్లు పోగు తెంపి అతికించాడు. ఒక్కసారీ కాదనలేదు.

మీ ఇద్దరి ఫొటో కూడా తీశాను. నువ్వు నవ్వాలో వద్దో తెలియక కొంగు సర్దుకుంటున్నావు. ఆయన నిన్ను చూస్తున్నాడు. కాస్త తీరిక చిక్కగానే పెద్దగా ప్రింట్ వేయించి పంపుతాను. శుక్రవారం ఈ కెమెరా తిరిగి ఇచ్చేయాలి, అప్పుడే ఇంకోటి వచ్చి కూర్చుంది.

రాఘు


దొడ్డబళ్ళాపురం,
2 ఏప్రిల్

రాఘూకి,

మీ బావ పోయి ఈరోజుకు ఇరవై నాలుగు రోజులు.

దినాలకు నువ్వు వచ్చావు. కుర్చీలు వేయించావు, వంటవాళ్ళతో మాట్లాడావు, ఆటోలు పిలిచావు. నా ఎదుట మాత్రం ఒక్క క్షణం కూర్చోలేదు. నన్ను చూస్తే ఏడుపు ఆగదేమోనని తప్పించుకుంటున్నావనుకున్నాను. అందుకే అప్పుడు అడగలేకపోయిన మాట ఇప్పుడు రాస్తున్నాను.

గుండె నొప్పి అని చేతులు చూపించే టైం కూడా ఆయన నాకివ్వలేదు. మగ్గం ఆగింది. మోతలో తేడా కాళ్ళకు తెలుస్తుంది కదా, నాకు అట్లా తెలిసింది. తిరిగి చూసేసరికి కింద ఉన్నాడు. ఆసుపత్రిలో డాక్టరు, "ఇది మొదటిసారి అయ్యుండదమ్మా. ఈ మధ్య ఎప్పుడైనా నొప్పని రొమ్ము పట్టుకున్నాడా?" అని రాసి చూపించి అడిగాడు. నాకు తెలియదని తల ఊపాను. పక్క మగ్గం మీద ముప్ఫై ఏళ్ళు నిలబడినదాన్ని, నాకు తెలియదు. ఆ ప్రశ్న నన్ను కూర్చోనివ్వడం లేదు రాఘూ.

గోడ ఖాళీగా ఉంది. పూలదండ తెచ్చి మేకుకే తగిలించింది శ్వేత. ఆ ఫొటో పంపు. ఇద్దరిదీ కాకపోయినా ఫరవాలేదు, ఆయనదొక్కటి చాలు. నాలుగు వేలలో ఏదైనా సరే.

అక్క


బ్రూక్‌ఫీల్డ్,
9 ఏప్రిల్

అక్కకు,

బావ లేడంటే ఇప్పటికీ నమ్మకం కుదరడం లేదు. నన్ను స్కూటర్ మీద ముందు నిలబెట్టుకుని ఊరంతా తిప్పిన మనిషి.

ఫొటోలన్నీ ఆఫీసు హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయి. అది అనూష దగ్గరుంది. తను సెలవులో ఉంది, రాగానే తీసుకుని మంచిది ఎంచి పంపుతాను. తొందరపడి ఏదో ఒకటి పంపడం నాకిష్టం లేదు. కొంచెం ఓపిక పట్టు.

ఒంట్లో జాగ్రత్త.

రాఘు


దొడ్డబళ్ళాపురం,
20 మే

రాఘవేంద్రకు,

నెలన్నర దాటింది. మీ అనూషకు అంత సెలవు ఎవరిచ్చారు?

మొన్న ఏం జరిగిందో విను. నీకోసం చూసి చూసి, పక్కింటి తిమ్మరాయప్పతో ఆధార్ కార్డు స్టూడియోకి పంపాను, పెద్దది చేసి ఇమ్మని. నాలుగు రోజులకు బంగారు రంగు ఫ్రేములో తెచ్చాడు. విప్పి చూద్దును కదా, ఎవరో పెద్దమనిషి. తెల్లగా ఉన్నాడు, కోటు వేసుకున్నాడు, రెండు కళ్ళూ తిన్నగా నన్నే చూస్తున్నాయి. స్టూడియోవాడు కంప్యూటర్లో మెల్ల సరిచేశాడట! "చూడమ్మా, ఎంత లక్షణంగా ఉండాడో" అని తిమ్మరాయప్ప అంటున్నాడు, పెదాల కదలికను బట్టి తెలిసింది. ఆ ఫొటో ముందు దీపం పెట్టమంటే నాకు పరాయి మగవాడి ముందు పెట్టినట్టుంది. తీసి బీరువా వెనక గోడవైపు తిప్పి పెట్టాను.

బతికినన్నాళ్ళూ దాచుకున్న కన్ను. ఒక్క రోజు దాచుకోలేదు, అదీ నీ కోసం. ఆ రోజుది ఒక్కటి అడుగుతున్నాను.

ఇంకో మాట. నీ పోయిన ఉత్తరంలో రెండు చోట్ల కొట్టివేతలున్నాయి. ఒకటి 'హార్డ్‌డిస్క్' దగ్గర, ఇంకోటి 'అనూష' దగ్గర. నాయన చెప్పింది నాకు గుర్తుంది. నీకూ గుర్తుండాలి.

అక్క


బ్రూక్‌ఫీల్డ్,
28 మే

అక్కా,

ఫొటోలు లేవు.

అనూష సెలవు పెట్టలేదు. హార్డ్‌డిస్క్ నా బల్ల మీదే ఉంది. అందులో లేవు. మా పని తీరు చెబుతాను, అది చెబితే క్షమిస్తావని కాదు. ఒక కెమెరా అయిపోగానే ఇంకోటి వస్తుంది. కార్డులు అవే. వేల ఫొటోలు దాచడానికి చోటుండదు. బాగా వచ్చినవాటితో మాకు పెద్దగా పని ఉండదు, మూడు నాలుగు చిన్నచిన్న ముక్కలు కత్తిరించుకుని మిగతావి చెరిపేస్తాం. కెమెరా తప్పినవి మాత్రం భద్రంగా ఉంచుతాం. మా కెమెరా తప్పదు అని రేపు కంపెనీవాళ్ళు వాదనకొస్తే చూపించాలి కదా. అందుకని తప్పులే మిగులుతాయి.

నాలుగు వేల నూటపన్నెండులో ఇప్పుడున్నవి పదకొండు. పదింటిలో బావ లేడు. ట్యూబ్‌లైటు చారలు, పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడె, గోడ. ఒకదాంట్లో ఉన్నాడు. అందులో పోగు స్పష్టంగా ఉంది, మొహం చెదిరిపోయి ఉంది. అది నీకు చూపించలేను.

మీ ఇద్దరి ఫొటో కూడా పోయింది. పక్కన పెట్టుకోవాలనుకున్నాను. అదేం పరీక్షకు పనికొచ్చేది కాదు కాబట్టి, మిగతావాటితో కలిసి పోయింది. ఫిబ్రవరి 28న, కెమెరా తిరిగి ఇచ్చే ముందు, నేనే చెరిపాను. అప్పటికి బావ బాగానే ఉన్నాడు. ఎప్పుడైనా మళ్ళీ తీయవచ్చులే అనుకున్నాను.

దినాలప్పుడు నీ ఎదుట కూర్చోనిది అందుకే. సిగ్గుతో చచ్చిపోతున్నాను అక్కా.

రాఘు


దొడ్డబళ్ళాపురం,
9 జూన్

రాఘవేంద్రకు,

ఆ ఒక్క ఫొటో నాకు చూపించలేనన్నావు. ప్రపంచానికి చూపించావు కదా.

ఆదివారం శ్వేత ఎలక్ట్రానిక్ సిటీ నుంచి వచ్చింది. నీ ఉత్తరం చదివించాను. కాసేపు ఏదో వెతికి ఫోన్ నా చేతికిచ్చింది. నువ్వు రాసిన వ్యాసం. మధ్యలో మీ బావ. మొహం పొగలాగా ఉంది. ముందున్న పట్టుపోగు మాత్రం వెంట్రుకవాసి తేడా లేకుండా మెరుస్తోంది, దాని మీద ఒక ఎర్ర గడి. కింద ఇంగ్లీషులో రాసింది శ్వేత నాకు తెలుగులో రాసి చూపింది. "మనిషి కళ్ళు మూయగానే కెమెరా కన్నును వదిలేసి పోగు మీదికి దూకింది (గురి తప్పిన చోటు ఎర్ర గడిలో). 11:42."

కళ్ళు మూయగానే.

రాఘూ, నువ్వు షెడ్డులో పుట్టిన పిల్లవాడివి. పోగు చేతిలో ఉండగా నేతగాడు కళ్ళు మూస్తాడా? శ్వేత ఫొటోను వేళ్ళతో పెద్దది చేసింది. ఆయన చెయ్యి పోగు మీద లేదు, రొమ్ము మీద ఉంది.

ఆ రోజు పన్నెండున్నరకు నేను ముద్ద పెడితే మీ బావ సగం కూడా తినలేదు. "గ్యాసు పట్టేసిండాది" అని జీరా సోడా తాగాడు. నువ్వు ఎదురుగా కూర్చుని రెండోసారి సారు పోయించుకున్నావు.

డాక్టరు అడిగిన ప్రశ్న ఇప్పుడు నిన్ను అడుగుతున్నాను. సెకనుకు ముప్ఫై తీస్తుందని నువ్వే రాశావు. అంటే ఆ కళ్ళు మూసుకోవడం నీ దగ్గర ఒకటి కాదు, ఎన్నో ఉన్నాయి. అవన్నీ నువ్వు చూశావా, లేదా? చేత్తో రాయి.

వెంకటలక్ష్మి


బ్రూక్‌ఫీల్డ్,
17 జూన్

అక్కా,

ఇది మూడో కాగితం. మొదటి రెండింటిలో నేను మంచివాడినయ్యాను, చింపేశాను.

షెడ్డులో జరిగింది ముందు రాస్తాను. అది ఎనిమిదోసారి. బావ వంగాడు, ఆగాడు, రొమ్ము మీద చెయ్యి పెట్టుకున్నాడు. నాకు మన చేతిభాషే తోచింది. 'నేను చూసుకుంటాలే' అంటున్నాడనుకున్నాను. ఎంత కష్టపెట్టినా కాదనడం లేదే అని లోపల పొంగిపోయాను కూడా. వేలు పైకెత్తి 'ఇంకొక్కసారి' అన్నాను. ఆయన కళ్ళు తెరిచి, కాస్త ఆగి, 'దొరికిందా?' అని చేత్తో అడిగాడు. లేదన్నాను. కిటికీ వెలుగు ఒంటిగంటకల్లా పోతుందని నా తొందర నాది. తొమ్మిదోసారి పోగు తెంపాడు.

ఇంతవరకే అయితే పొరపాటే అని నీ కాళ్ళ మీద పడేవాడిని. ఇంతవరకే కాదు.

ఐదు రోజుల తర్వాత, ఫిబ్రవరి 20న, ఆఫీసులో పెద్ద తెర మీద వాటిని ఒక్కొక్కటిగా చూశాను. నువ్వు అడిగినది అదే కదా. రెండు సెకన్లు, అరవై రెండు ఫొటోలు. అన్నీ చూశాను. గడి ఏ ఫొటోలో కన్నును వదిలింది, ఏ ఫొటోలో మళ్ళీ పట్టుకుంది అని కాగితం మీద లెక్క రాసుకున్నాను. ఆ చెయ్యి చాచిన అరచెయ్యి కాదు అక్కా. బనీనును గుప్పిట్లో పట్టుకుని ఉన్నాడు. పళ్ళు బిగించాడు. అనూష నా కుర్చీ వెనక నిలబడి, "ఆయనకేమైనా అయిందా?" అంది. "లేదు, మా షెడ్డులో అదొక సైగ" అని చెప్పాను. చెబుతున్నప్పుడే అది ఆ సైగ కాదని నాకు తెలుసు. తెలిసీ పక్క ఫొటోకి పోయాను. వ్యాసం మర్నాడు ఇవ్వాలి.

బావ పోయింది మార్చి 9న. పదిహేడు రోజులు. శ్వేతకు ఒక్క ఫోన్ చేస్తే అయిపోయేది. సాయంత్రం చేద్దాంలే అనుకున్నట్టు గుర్తు. అది కూడా నిజంగా అనుకున్నానో, ఇప్పుడు కల్పించుకుంటున్నానో తెలియదు.

చూశానక్కా. మొహం చూడలేదు.

రాఘు


దొడ్డబళ్ళాపురం,
25 జూన్

రాఘవేంద్రకు,

ఈసారి కొట్టివేతలు లేవు.

నేనూ ఆ రోజు పక్క మగ్గం దగ్గరే ఉన్నాను, వీపు అటు పెట్టి. నా పాలు నాకుంది, దాన్ని నీమీదికి తోయను. కానీ నాకు వీపు అడ్డం. నీకు ఏదీ అడ్డం లేదు. అరవై రెండు సార్లు మీ బావ నీకెదురుగా నిలబడి నొప్పని చెప్పాడు, మన భాషలోనే చెప్పాడు. నువ్వు ఆయన చేతిని చూసి నీకు కావలసిన మాట చదువుకున్నావు. డాక్టరు ఊరు నుంచి బదిలీ అయ్యాడు, లేకపోతే పోయి జవాబు చెప్పి వచ్చేదాన్ని.

ఆయన తొమ్మిదిసార్లు అతికించిన పడుగు మగ్గం మీద అట్లాగే ఉండిపోయింది. పోయిన వారం నేనే నేసి దించాను. ముళ్ళు తగిలినచోట వేలు పెట్టి తడిమాను, తొమ్మిదీ ఉన్నాయి. చీర షాపుకు వెళ్ళిపోయింది. కొనేవాళ్ళకు తెలియదు.

ఇప్పుడు నువ్వు చెయ్యవలసింది ఒకటే. ఆ తప్పు ఫొటోను పెద్దగా ప్రింట్ వేయించు. కాగితం మీద ఇస్తానన్నావు, ఆ మాట ఆయనకిచ్చావు. కత్తిరించద్దు, మొహం సరిచేయించద్దు. సరిచేసిన మొహం ఒకటి బీరువా వెనక ఉంది, అది చాలు. ఇందులో ఆయన కళ్ళు మూసుకున్నాడు కాబట్టి మెల్ల కనిపించదు. బతికుంటే ఆయన గోడకు ఒప్పుకునే ఫొటో బహుశా ఇదొక్కటే.

"మామను అడిగితే ఆ ఎర్ర గడి తీసేసి పంపుతాడమ్మా" అని శ్వేత రాసి చూపింది. తీయద్దు. గడి అట్లాగే ఉండాలి. వచ్చినవాళ్ళు అడుగుతారు, ఇదేమిటి, మనిషిని వదిలేసి దారం మీద గడి గీశారని. ఆ పూట నా తమ్ముడు చూస్తున్నది అక్కడ అని చెబుతాను.

పోస్టులో పంపు. నువ్వు తేవద్దు.

వెంకటలక్ష్మి